33 నెలల గ్యాప్: రెజ్యూమెలో ఎలా రాయాలి, బీజీవీలో (కంపెనీలు చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో) ఏం చూస్తారు?

కృష్ణలంక_జావా అడిగిన ప్రశ్న:

నమస్తే అండి. జావా బ్యాకెండ్‌లో 3 సంవత్సరాల 2 నెలల అనుభవం, రెండు కంపెనీల్లో. మొదటిది పదిహేను మంది ఉండే చిన్న ఆఫీసు: 2019 జూలై నుంచి 2020 జనవరి దాకా. పీఎఫ్ లేదు, జీతం మాత్రం బ్యాంకులోనే పడేది. రెండోది మాదాపూర్‌లో సర్వీసు కంపెనీ, 31-08-2022న రిలీవ్. ఆ తర్వాత తెలంగాణ గ్రూప్-1. ఆ పరీక్ష సంగతి అందరికీ తెలిసిందే. 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టి రద్దు చేశారు, 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, అదీ రద్దయింది. 2024లో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. అలా 2025 మే ఆఖరికి గ్యాప్ 33 నెలలు.

నా సందేహాలు ఇవి:

1. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "గ్యాప్ మొత్తం ఫిల్ చేస్తాం, పీఎఫ్ కూడా వేయిస్తాం" అంటున్నారు. ఆ దారిలో వెళ్లను. కానీ అలాంటివి ఎక్కడ పట్టుబడతాయో తెలుసుకోవాలి.
2. రెండో కంపెనీ వాళ్లు పీఎఫ్‌లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ వేయలేదు. దీనివల్ల ఇబ్బందా?
3. పీఎఫ్ లేని ఆ 7 నెలలు అనుభవంలో కలుపుకోవచ్చా?
4. గ్రూప్స్ అని చెబితే "మళ్లీ నోటిఫికేషన్ పడగానే వెళ్లిపోతాడు" అనుకుంటారేమో. "పర్సనల్ రీజన్స్" అని వదిలేస్తే సరిపోతుందా?

---

వెరిఫికేషన్_డెస్క్ జవాబు:

మొదటి మూడు నేను తీసుకుంటాను.

ముందు ఒక మాట. గ్యాప్ ఉందని బీజీవీ ఫెయిల్ అవదు. రిపోర్టులో ఒక్కో చెక్‌కి గ్రీన్ (సరే), యాంబర్ (సందేహం), రెడ్ (తేడా) అని వేస్తారు. మీరు ఫారంలో రాసింది, రికార్డులో దొరికింది ఒకటే అయితే గ్రీన్. 33 నెలలు ఖాళీ అని మీరే రాశారు, పీఎఫ్‌లోనూ ఖాళీయే ఉంది అనుకోండి, ఇక తేడా పడేదెక్కడ? ఆ గ్యాప్ ఉన్నవాణ్ణి తీసుకోవాలా వద్దా అన్నది హైరింగ్ మేనేజర్ చూసుకునే విషయం. అది ఆఫర్‌కి ముందే తేలిపోతుంది.

ఇప్పుడు కన్సల్టెన్సీ సంగతి. అభ్యర్థి దగ్గర సమ్మతి తీసుకున్నాక మొదట చూసేది యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబర్) సర్వీస్ హిస్టరీ. కంపెనీ పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ వరసగా ఉంటాయి. ఆ తర్వాత పాస్‌బుక్. అందులో ప్రతి వరసకీ రెండు వేరు వేరు వివరాలుంటాయని చాలామంది గమనించరు. ఒకటి ఏ నెల జీతానికి కట్టారో, రెండోది ఆ డబ్బు నిజంగా ఏ తేదీన జమ అయిందో. పాత నెలలకు ఇప్పుడు కడితే ఇరవై, ముప్ఫై నెలల జమ ఒకే వారంలో పడినట్టు కనిపిస్తుంది. అది చూడగానే ఫైలు పక్కకు తీస్తారు.

అక్కడితో ఆగదు. పీఎఫ్ చూసే ఈపీఎఫ్‌ఓ సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఎవరైనా వాడుకోవచ్చు. ఒక సంస్థ ఏ నెలకు ఎంతమందికి పీఎఫ్ కట్టిందో అందులో తెలుస్తుంది. "రెండొందల మంది ఇంజనీర్లు" అని వెబ్‌సైట్‌లో రాసుకున్న కంపెనీ తొమ్మిది మందికి కడుతుంటే దాని కథ అక్కడే తేలిపోతుంది. కంపెనీలు రిజిస్టరయ్యే ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో కంపెనీ పుట్టిన తేదీ, ఇప్పుడు నడుస్తోందా, స్ట్రైక్ ఆఫ్ అయిందా (రిజిస్టర్ నుంచి కొట్టేశారా) అన్నవి ఉంటాయి. 2023లో రిజిస్టరైన కంపెనీ 2022లో ఆఫర్ లెటర్ ఇచ్చిన ఫైళ్లు కూడా వస్తుంటాయి, నవ్వుకోవాలో ఏడవాలో తెలియదు. డొమైన్ ఎప్పుడు కొన్నారో చూస్తారు, రిజిస్టర్డ్ అడ్రస్‌కి మనిషిని పంపుతారు. 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కట్టిన పన్నుల పత్రం) ఆ ఏళ్లకు ఆ కంపెనీ ట్యాన్ (పన్ను కోసే సంస్థ నంబర్) మీద సెక్షన్ 192 కింద, అంటే జీతం మీద, టీడీఎస్ పడిందా అని చూస్తారు. ఆ ఏళ్లలో ఏడాదికి తొమ్మిది లక్షలు జీతమని చెప్పి ఒక్క రూపాయి కూడా కట్ కాకపోతే ప్రశ్న తప్పదు. పైగా ఏజెన్సీల దగ్గర అనుమానాస్పద కంపెనీల జాబితాలు ఉంటాయి. కన్సల్టెన్సీ అదే డమ్మీ పేరును పదిమందికి అమ్ముతుంది. అందులో ఒక్కడు దొరికితే మిగతా తొమ్మిది మంది ఫైళ్లూ మళ్లీ తెరుస్తారు.

చేరాక కూడా బయటపడుతుంది. క్లయింట్ బ్యాంకో, ఇన్సూరెన్స్ కంపెనీయో అయితే ప్రాజెక్ట్ మారినప్పుడు మళ్లీ వెరిఫికేషన్ అడగడం మామూలే. 2022 నవంబర్‌లో యాక్సెంచర్ ఇండియా, లేని కంపెనీల ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పెట్టినవాళ్లను తీసేశామని బహిరంగంగానే చెప్పింది. దొంగ పత్రం తయారు చేయడం, వాడటం భారతీయ న్యాయ సంహితలో 336, 340 సెక్షన్ల కిందకు వస్తుంది. కంపెనీలు సాధారణంగా పోలీసుల దాకా వెళ్లవు, తీసేసి ఊరుకుంటాయి. కానీ ఆ లెటర్ మీద పేరు మీదే, వెరిఫికేషన్ ఫారం మీద సంతకం మీదే. కన్సల్టెన్సీవాడిది కాదు.

రెండో ప్రశ్న: డేట్ ఆఫ్ ఎగ్జిట్ లేకపోతే సర్వీస్ హిస్టరీలో మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టు ఉంటుంది. కొత్త కంపెనీలో చేరగానే డ్యూయల్ ఎంప్లాయ్‌మెంట్ (ఒకేసారి రెండు ఉద్యోగాలు) లాగా కనిపిస్తుంది. అందుకని అప్లై చేయడం మొదలుపెట్టకముందే సరిచేసుకోండి. యూఏఎన్ మెంబర్ పోర్టల్‌లో లాగిన్ అయ్యి మేనేజ్, అందులో మార్క్ ఎగ్జిట్. ఆ కంపెనీని ఎంచుకుని, తేదీ, కారణం ఇచ్చి, ఆధార్‌కి లింకైన మొబైల్‌కి వచ్చే ఓటీపీ కొట్టాలి. చివరి కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటితేనే ఇది కుదురుతుంది. మీకు ఎప్పుడో దాటింది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, ఆఖరి కాంట్రిబ్యూషన్ ఏ నెలదో ఆ నెలలోని తేదీనే పోర్టల్ తీసుకుంటుంది. కాబట్టి ముందు పాస్‌బుక్ తెరిచి 2022 ఆగస్టు నెలది పడిందో లేదో చూడండి. జూలైతోనే ఆగిపోయి ఉంటే మార్క్ ఎగ్జిట్ నొక్కొద్దు, పాత హెచ్‌ఆర్‌కి రాయండి. రెండు, ఒకసారి వేశాక మార్చుకోవడం తేలిక కాదు. జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ దరఖాస్తు పెట్టుకోవాల్సి రావచ్చు. రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని అందులో ఉన్న తేదీయే కొట్టండి.

మూడోది. ఇరవై మంది కన్నా తక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు, కాబట్టి పీఎఫ్ లేకపోవడం తప్పు కాదు. ఆ 7 నెలలు కలుపుకోండి, అయితే ఆధారాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి: ఆఫర్ లెటర్, రిలీవింగ్ లేదా ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఏడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్. స్టేట్‌మెంట్‌లో జీతం జమ పక్కన కంపెనీ పేరు కనబడాలి. ఓనర్ సొంత ఖాతా నుంచి పంపి ఉంటే ఆ మాట ఫారంలోనే రాసేయండి. ఆ ఏడు నెలల్లో ట్రైనింగ్ ఉంటే దాన్ని ట్రైనీ అనే రాయండి. "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్" అని పెట్టి, పాత ఓనర్ ఫోన్‌లో "ట్రైనీ అండీ" అంటే అక్కడ యాంబర్ పడుతుంది.

---

రామ్_కూకట్‌పల్లి జవాబు:

అన్నా, చెప్పినవన్నీ కరెక్టే. కానీ నిజం రాస్తే కాల్స్ రావు కదా. బీజీవీ అనేది ఆఫర్ వచ్చాక మాట. దొంగ కంపెనీలు వద్దు, ఒప్పుకుంటా. కనీసం నెలలు తీసేసి 2020–2022 అని సంవత్సరాలే వేసుకోవచ్చు కదా? లేకపోతే రెండో కంపెనీని "టిల్ డేట్" అని వదిలేసి, ఇంటర్వ్యూలో చెప్పొచ్చు. అందరూ చేసేదే.

---

టీఏ_గచ్చిబౌలి జవాబు:

రామ్ గారూ, ఆ రెండూ ఒకటి కాదు. "టిల్ డేట్" అబద్ధం. ఇంటర్వ్యూలో మీరు సరిచేసి చెప్పినా మా ఏటీఎస్‌లో (అప్లికేషన్లు దాచి, వెతికే సాఫ్ట్‌వేర్) అప్లై చేసిన రోజు రెజ్యూమె అలాగే ఉంటుంది. అదే ఫోన్ నంబర్, అదే మెయిల్‌తో మళ్లీ అప్లై చేస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కనే కనిపిస్తాయి. గ్యాప్ ఉన్నందుకు వదులుకున్న అభ్యర్థులకన్నా, రెండు రెజ్యూమెల్లో రెండు తేదీలు ఉన్నందుకు వదులుకున్నవాళ్లే ఎక్కువ.

సంవత్సరాలే వేయడం అబద్ధం కాదు, కానీ పనికిరాదు. నౌకరీ వెబ్‌సైట్‌లోనూ, కంపెనీ ఫారంలోనూ నెల అడుగుతారు. అక్కడ నిజం రాసి, రెజ్యూమెలో దాస్తే ఎందుకు దాచారా అనిపిస్తుంది. నాలుగైదు నెలల గ్యాప్ అయితే సంవత్సరాలతో ఎలాగో సరిపెట్టొచ్చు. 33 నెలలు దాగవు.

ఇక ఎలా రాయాలి. గ్యాప్‌ని కూడా ఒక ఎంట్రీలాగే, తేదీల వరసలో, పై నుంచి మొదటిదిగా పెట్టండి:

"కెరీర్ బ్రేక్, సెప్టెంబర్ 2022 – మే 2025. టీజీపీఎస్సీ గ్రూప్-1 కోసం పూర్తి సమయం ప్రిపరేషన్. 2024 అక్టోబర్‌లో మెయిన్స్ రాశాను. 2025 మార్చి నుంచి స్ప్రింగ్ బూట్ 3 మీద ప్రాజెక్ట్, లింక్ కింద ఉంది."

మూడు వరసలు దాటొద్దు. రాజ్యాంగం, ఆర్థిక సర్వే చదివానని "స్కిల్స్" కింద పెట్టేవాళ్లు ఉన్నారు, వద్దు. ఆ చివరి వరస మాత్రం నిజంగా చేస్తేనే రాయండి. తేదీలు తీసేసి, స్కిల్స్ పైన పెట్టి ఉద్యోగాలు కిందకు నెట్టే ఫార్మాట్ కూడా వద్దు. ఏటీఎస్ అనుభవాన్ని తేదీలను బట్టి లెక్కేస్తుంది, అవి దొరక్కపోతే లెక్క తప్పొచ్చు.

లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ అనే విభాగమే ఉంది. ప్రొఫైల్‌లో యాడ్ సెక్షన్, కోర్, యాడ్ కెరీర్ బ్రేక్. కారణాల జాబితాలో మీకు "పర్సనల్ గోల్ పర్స్యూట్" సరిపోతుంది. నౌకరీలో మొత్తం అనుభవం 3 సంవత్సరాల 2 నెలలు అనే పెట్టండి. 2019 నుంచి లెక్కేసి ఆరేళ్లు అనకండి. నోటీస్ పీరియడ్ దగ్గర "15 రోజులు లేదా తక్కువ" ఎంచుకోండి, హెడ్‌లైన్‌లో ఇమ్మీడియట్ జాయినర్ అని రాయండి. 90 రోజుల నోటీసుతో విసిగిపోయిన టీమ్‌లు ఆ ఒక్క ఫిల్టర్‌తోనే వెతుకుతాయి. మీ గ్యాప్ మీకు ఉపయోగపడే చోటు ఇదొక్కటే, వాడుకోండి. సీటీసీ (ఏడాది మొత్తం జీతం) దగ్గర 2022లో తీసుకున్నదే వేయండి, పేస్లిప్‌లు ఎలాగూ అడుగుతారు.

నాలుగో ప్రశ్నకు వస్తే, "పర్సనల్ రీజన్స్" అనే మాట ఎదుటివాడి ఊహకు వదిలేయడమే. జైలా, జబ్బా, గొడవపడి తీసేశారా అని వాడే ఏదో ఒకటి అనుకుంటాడు. ఆరోగ్యం కారణమైతే "ఆరోగ్య కారణం, ఇప్పుడు పూర్తిగా పనికి సిద్ధం" అంటే చాలు, జబ్బు పేరు, రిపోర్టులు ఇవ్వక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకున్నా అంతే. మీ విషయంలో హైదరాబాద్ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరి తమ్ముడో, బావమరిదో అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ రూముల్లో ఉండే ఉంటాడు. గ్రూప్స్ అంటే ఎవరికీ వివరించక్కర్లేదు.

వాళ్ల అసలు భయం మీరన్నదే, మళ్లీ వెళ్లిపోతారని. దానికి జవాబు ముందే తేల్చుకోండి. రాయడం మానేస్తే మానేశానని, ఎప్పుడు నిర్ణయించుకున్నారో చెప్పండి. ఫలితమో, కోర్టు తీర్పో ఇంకా పెండింగ్‌లో ఉంటే దాచకండి. "మెయిన్స్ రాశాను, దాని సంగతి తేలలేదు, కొత్త నోటిఫికేషన్లకు మాత్రం అప్లై చేయడం లేదు" అనండి. ముప్ఫై, నలభై సెకన్లలో ముగించి సంభాషణను పని మీదకు తిప్పండి. పేపర్ లీకు గురించి, కమిషన్ గురించి ఆవేశపడితే పది నిమిషాలు అటే పోతాయి, ఇంటర్వ్యూ నాశనం.

"ఫ్రీలాన్సింగ్ చేశాను" అని నింపే సలహా ఎవరైనా ఇస్తారు. ఇన్‌వాయిస్‌లు, బ్యాంకులో జమలు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో ఆ ఆదాయం ఉంటేనే రాయండి. బాబాయి షాపుకి ఒక వెబ్‌సైట్ చేస్తే అది ప్రాజెక్ట్ అవుతుంది, 33 నెలల ఫ్రీలాన్సింగ్ అవదు.

కాల్స్ తక్కువ వస్తాయన్న మాట నిజమే రామ్ గారూ, కాదనను. పోర్టల్‌లో వంద అప్లికేషన్లు పడేయడం కన్నా పాత టీమ్‌లో పనిచేసి ఇప్పుడు వేరే కంపెనీల్లో ఉన్న పదిమందికి మెసేజ్ పెట్టడం మేలు. రెఫరల్ అంటే మీ పని చూసినవాడు పూచీ పడటం. గ్యాప్ మీద ఉన్న అనుమానంలో సగం అక్కడే పోతుంది. మీ పాత కంపెనీనే అడగండి, ఎగ్జిట్ రికార్డులో రీహైర్ ఎలిజిబుల్ (మళ్లీ తీసుకోవచ్చు) అని ఉంటే వెరిఫికేషన్ భారమూ తక్కువ. కాంట్రాక్ట్ టు హైర్ (ముందు కాంట్రాక్టు మీద, నచ్చితే తర్వాత పర్మినెంట్) పోస్టులను చిన్నచూపు చూడకండి. బ్రేక్ తర్వాత వచ్చేవాళ్ల కోసం టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో లాంటి చోట్ల రిటర్న్ ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. చాలావరకు అవి మహిళల కోసం పెట్టినవి, కాబట్టి అర్హత చదివాకే అప్లై చేయండి.

---

బూట్_లీడ్ జవాబు:

టెక్నికల్ రౌండ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటర్వ్యూ పోయేది సాధారణంగా అక్కడే, ఆ నింద మాత్రం గ్యాప్ మీద పడుతుంది.

మీరు ఆపిన నెలలు జావావాళ్లకి మామూలు నెలలు కావు. మీరు వదిలినప్పుడు జావా సర్వీసులు రాసే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 2.7లో ఉంది. మూడు నెలలకే, 2022 నవంబర్‌లో, 3.0 వచ్చింది. కనీసం జావా 17 కావాలి, జావా ఈఈకి చెందిన "జావాఎక్స్" ప్యాకేజీలు "జకార్తా" అయిపోయాయి. స్ప్రింగ్ సెక్యూరిటీ 6లో వెబ్‌సెక్యూరిటీకాన్ఫిగరర్‌అడాప్టర్ అనే క్లాస్ తీసేశారు, ఇప్పుడు సెక్యూరిటీఫిల్టర్‌చెయిన్ బీన్ రాయాలి. పాత క్లాస్ పేరు నోటి నుంచి వచ్చిందంటే ఎదుటివాడికి మీరు ఏ ఏడాదిలో ఆగిపోయారో తెలిసిపోతుంది. రిక్వెస్టుల జాడ చూపే స్లూత్ పోయి మైక్రోమీటర్ ట్రేసింగ్ వచ్చింది. డేటాబేస్ లైబ్రరీ హైబర్నేట్ 6 వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో జావా 21, దాంతో వర్చువల్ థ్రెడ్స్. బూట్ 3.2తో బయటి ఏపీఐలను పిలిచే రెస్ట్‌క్లయింట్.

వీటిని విడివిడిగా చదివి బట్టీ పట్టొద్దు. బూట్ 2.7లో చిన్న ఆర్డర్ సర్వీస్ ఒకటి రాయండి: లాగిన్, రెండు టేబుళ్లు, ఒక బయటి ఏపీఐ కాల్, టెస్టులు. తర్వాత దాన్ని 3కి మార్చండి. మొదట 2.7లోనే జావా 17కి వెళ్లండి, డిప్రికేటెడ్ హెచ్చరికలన్నీ తీసేయండి, ఆ తర్వాత వెర్షన్ పెంచండి. ఒకేసారి దూకితే ఏ ఎర్రర్ ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఏది విరిగింది, ఎలా సరిచేశారు అన్నది రీడ్‌మీలో రాయండి. రోజూ మూడు గంటలు పెడితే ఐదారు వారాల పని. చాలా టీమ్‌లు ఇదే మైగ్రేషన్ చేశాయి, ఇంకా చేస్తున్నాయి కూడా. కాబట్టి ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి ఇద్దరికీ విషయం ఉంటుంది.

కోడ్ పెట్టే గిట్‌హబ్ ప్రొఫైల్‌లో రోజువారీ పని చూపే ఆ గ్రీన్ చుక్కల కోసం కమిట్ (కోడ్ సేవ్ చేసిన) తేదీలు వెనక్కి పెట్టకండి. 2023 జనవరి కమిట్‌లో బూట్ 3.2 డిపెండెన్సీ కనిపిస్తే అయిపోయినట్టే, ఆ వెర్షన్ అప్పటికి పుట్టనే లేదు.

---

డాలస్_తెలుగు జవాబు:

ఒక చిన్న మాట, ముందు ముందు బయటికి వెళ్లే ఆలోచన ఉంటే. అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో గత ఐదేళ్ల ఉద్యోగాలు తేదీలతో అడుగుతారు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) దరఖాస్తులో పదేళ్ల హిస్టరీ నెల నెలా నింపాలి, ఖాళీ వదలకూడదు, పని లేని నెలలకు "నిరుద్యోగం" అనే రాయాలి. ఇప్పుడు రెజ్యూమెలో డమ్మీ కంపెనీ పెడితే అప్పుడు అక్కడా అదే రాయాల్సి వస్తుంది. కెనడాలో తప్పుడు సమాచారం అని తేలితే ఐదేళ్లు నిషేధం. అమెరికాలో ఆ నిషేధానికి కాలపరిమితే లేదు, వేవర్ (మినహాయింపు) దొరికితేనే దారి.

---

కృష్ణలంక_జావా:

అందరికీ ధన్యవాదాలండి. పాస్‌బుక్ చూశాను, ఆగస్టు 2022ది పడింది, ఈరోజే 31-08-2022 అని ఎగ్జిట్ మార్క్ చేశాను. ఇంకొక్కటి. కొన్ని కంపెనీలు గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయంటున్నారు, ఇప్పుడే చేయించి పెట్టుకోవాలా?

---

వెరిఫికేషన్_డెస్క్ జవాబు:

ఇప్పుడే వద్దు. అడిగినప్పుడు వాళ్లే నమూనా ఇస్తారు, స్టాంప్ పేపర్ విలువ కూడా వాళ్లే చెబుతారు. కొందరికి నోటరీ కావాలి, కొందరికి మామూలు కాగితం మీద డిక్లరేషన్ చాలు. చేయించేటప్పుడు స్టాంప్ పేపర్ మీ పేరు మీదే కొనండి. దాన్ని కొన్న తేదీ నోటరీ తేదీ కన్నా ముందుదో, అదే రోజుదో అయి ఉండాలి. గ్యాప్ మొదలు 01-09-2022, రిలీవ్ అయిన మర్నాడు. ముగింపు కొత్త కంపెనీలో చేరే ముందు రోజు. "2022 నుంచి 2025 వరకు" అని రాసి తెస్తే వెనక్కి పంపుతారు. "ఈ కాలంలో ఎక్కడా ఉద్యోగం చేయలేదు" అనే వాక్యం నమూనాలో ఉంటుంది. మధ్యలో కోచింగ్ సెంటర్‌లో క్లాసులు చెప్పి డబ్బు తీసుకుని ఉంటే ఆ వాక్యం మీద సంతకం పెట్టే ముందు హెచ్‌ఆర్‌కి చెప్పండి.

ఆధారంగా మూడు ప్రిలిమ్స్, మెయిన్స్ హాల్ టికెట్లు పీడీఎఫ్‌గా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. పాతవి కమిషన్ సైట్‌లో ఎప్పటికీ ఉండవు, మెయిల్‌లోనో, నెట్ సెంటర్‌వాడి వాట్సాప్‌లోనో వెతకండి. చేరిన రోజు పీఎఫ్ ఫారం 11లో పాత యూఏఎన్‌నే ఇవ్వండి, కొత్తది తీసుకోవద్దు.